వెనకింటి కుక్కను పోలీసులు కాల్చేశారు, మా వాడికి ఏమని చెప్పను?

ప్రశ్న: మేము డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక ఊళ్ళో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నామండీ. మా వెనకింట్లో డెబ్బై దాటిన ఒక అమెరికన్ పెద్దావిడ ఒక్కరే ఉంటారు. ఆవిడకు తోడు కూపర్ అనే కుక్క. రెండిళ్ళ మధ్య చెక్క కంచెలో అడుగున ఒక పలక విరిగి సందు పడింది. పదకొండేళ్ళ మా వాడు ఆ సందులోంచి టెన్నిస్ బంతిని అవతలికి దొర్లిస్తే కూపర్ ముక్కుతో ఇవతలికి తోసేది. గత నెల ఒక సాయంత్రం, పక్క వీధిలోని ఇంటికి వెళ్ళవలసిన పోలీసులు పొరపాటున ఆవిడ ఇంటి గేటు తీసుకుని పెరట్లోకి వచ్చారు. మొరుగుతూ ఎదురెళ్ళిన కూపర్‌ను ఒక ఆఫీసరు రెండుసార్లు కాల్చాడు. ఆ చప్పుడు మా వంటింట్లోకి వినబడింది. అప్పటినుంచి ఊరంతా అలజడిగా ఉంది. సిటీ హాలు ముందు కొవ్వొత్తులు వెలిగించారు, వందల మంది సంతకాలు చేశారు. ఎవరో ఆ ఆఫీసరు ఇంటి చిరునామా బయటపెట్టి, అతణ్ణీ అలాగే కాల్చాలని రాశారు. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మాత్రం ‘మనుషుల్ని కాల్చినా ఇంత గొడవ ఉండదు, కుక్క కోసం ఏమిటీ రాద్ధాంతం’ అంటున్నారు. వచ్చే సిటీ కౌన్సిల్ సమావేశంలో మాట్లాడమని ఆ పెద్దావిడ నన్ను అడిగారు. మా వారేమో ‘వీసా మీద ఉన్నవాళ్ళం, మనకెందుకు’ అంటున్నారు. మా వాడు రోజూ ఒకటే అడుగుతున్నాడు, ‘కూపర్ పరుగెత్తకుండా ఉంటే బతికేదా అమ్మా’ అని. మాకూ ఒక లాబ్రడార్ ఉంది. వచ్చే నెల మా అత్తగారు, మామగారు వస్తున్నారు. నేనేం చేయాలో చెప్పండి.
(పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఊరి కోపమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. కూపర్ తప్పేమీ చేయలేదు. గేటు చప్పుడైతే కుక్క పరుగెత్తుకొస్తుంది, మొరుగుతుంది. ఒంటరిగా ఉండే ఆ పెద్దావిడ దాన్ని తోడుగా ఉంచుకున్నది కొంతవరకు అందుకే. విజయవాడలో మా ఇంట్లో పదమూడేళ్ళు బతికిన కుక్క, గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయి మీదికి ప్రతిసారీ అలాగే లంఘించేది. అతను గేటు బయటే ఆగి, సిలిండర్‌ను ఒకసారి నేలకు మోగించి, ‘అమ్మా, కుక్కని కట్టెయ్యండి’ అని కేకేసేవాడు. మాలో ఎవరో ఒకరు గొలుసు పట్టుకుని వచ్చేదాకా అరనిమిషం నిలబడేవాడు. అన్నేళ్ళలో అతనికి ఒక్క గాటు పడలేదు, మా కుక్కకు ఒక్క దెబ్బ తగలలేదు. మీ వెనకింటి పెరట్లో కూపర్‌కు దక్కనిది ఆ అరనిమిషమే. మీరు కౌన్సిల్‌లో మాట్లాడదలుచుకుంటే దాన్ని గురించే మాట్లాడండి. మిగతా కోపమంతా దాని వెనకే నడవాలని నా అభిప్రాయం.

ఆ అరనిమిషాన్ని ఉద్యోగధర్మంగా పాటించేవాళ్ళు అమెరికాలోనూ ఉన్నారు, రోజూ మీ ఇంటికి ఉత్తరాలు తెచ్చిపెడుతున్నారు. 2023లో 5,800 మందికి పైగా తపాలా ఉద్యోగులు కుక్కల దాడికి గురయ్యారని ఆ శాఖే ప్రకటించింది. వాళ్ళ చేతిలో తుపాకీ ఉండదు. పెరట్లో అడుగుపెట్టే ముందు గేటును కదిలించి చప్పుడు చేయాలని, కుక్క ఎదురైతే వెన్ను చూపి పరుగెత్తకూడదని, భుజాన ఉన్న సంచిని తనకూ కుక్కకూ మధ్య అడ్డం పెట్టుకోవాలని, మరీ మీదికొస్తే స్ప్రే కొట్టాలని వాళ్ళకు నేర్పుతారు. పోలీసు పని దీనికంటే కష్టమైనదన్న మాట నిజమే. చీకట్లో, ఎవరున్నారో తెలియని ఇంటికి, తలుపు వెనక ఆయుధం ఉందేమోనన్న అనుమానంతో వాళ్ళు వెళతారు; కొందరు నేరగాళ్ళు కుక్కల్ని ఉసిగొల్పడానికే పెంచుతారు; నిజంగా కరిచే కుక్కకు ఎదురుపడినవాడి భయాన్ని నేను తక్కువ చేయను. కానీ అమెరికాలో కుక్క లేని వీధి ఉండదు. ఏ గేటు తీసినా కుక్క ఎదురుకావచ్చని ముందే తెలిసిన ఉద్యోగంలో, అది ఎదురైనప్పుడు ఏం చేయాలో ముందే నేర్చుకుని ఉండకపోవడాన్ని అనుకోని ప్రమాదం అనలేం.

ఈ మాటకు నాకు తెలిసిన అతి బలమైన సాక్ష్యం 2008 జూలై 29న మేరీలాండ్‌లోని బెర్విన్ హైట్స్ అనే చిన్న పట్టణంలో జరిగింది. ఆ పట్టణ మేయర్ చై కాల్వో సాయంత్రం తన రెండు నల్ల లాబ్రడార్లను, పేటన్‌ను, చేజ్‌ను, తిప్పుకుని ఇంటికి వచ్చారు. వాకిట్లో ఆయన భార్య పేరిట వచ్చిన ఒక పెట్టె ఉంటే లోపల పెట్టి, బట్టలు మార్చుకోవడానికి మేడ మీదికి వెళ్ళారు. ఆ పెట్టెలో 32 పౌండ్ల గంజాయి ఉంది. ఆ కుటుంబానికి ఆ సంగతే తెలియదు. సంబంధం లేని చిరునామాలకు సరుకు పంపి, ఇంటివాళ్ళ చేతికి అందేలోపే దారిలో తీసుకుపోయే ముఠా పని అది. పోలీసులకు మాత్రం పెట్టెలో ఏముందో ముందే తెలుసు, దాన్ని ఆ ఇంటి ముందు పెట్టించింది కూడా వాళ్ళే. షెరీఫ్ కార్యాలయపు స్వాట్ దళం, అంటే ప్రమాదకరమైన దాడులకు పంపే ప్రత్యేక సాయుధ పోలీసు బృందం, తలుపు బద్దలుకొట్టి లోపలికి దూసుకొచ్చింది. వంట చేస్తున్న మేయరు అత్తగారి చేతులు కట్టి నేలమీద పడుకోబెట్టారు. పేటన్‌ను ముందుగదిలోనే కాల్చారు. వెనక్కి పారిపోతున్న చేజ్‌ను ఆ తరవాత కాల్చారు. మేయరుగారిని లోదుస్తుల మీదే కిందికి దింపి బేడీలు వేసి కూర్చోబెట్టారు. ఆ పట్టణానికి సొంత పోలీసు విభాగం ఉంది, దానికి సొంత అధిపతి ఉన్నాడు. ఆ ఇల్లు ఎవరిదని ఆయనను ఒక్కమాట అడిగి ఉంటే తెలిసిపోయేది. అడగలేదు.

ఈ సంఘటనను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. పాపం కుక్కలు అని ఏడ్చి ఊరుకోకుండా, కాల్వో తన కోపాన్ని ఒక చట్టం దాకా తీసుకెళ్ళారు. 2009లో మేరీలాండ్ ఒక చట్టం చేసింది. రాష్ట్రంలోని పోలీసు విభాగాలు స్వాట్ దళాలను ఎన్నిసార్లు, ఎందుకు దించాయో క్రమం తప్పకుండా నివేదించాలని ఆదేశించింది. ఆ చట్టం గడువు 2014లో ముగిసిపోయింది, దాన్ని పొడిగించలేదు; అది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. అయినా తలుపు బద్దలుకొట్టడం ఆ రాష్ట్రంలో ఎంత మామూలు పనిగా మారిందో జనానికి అంకెల్లో తెలిసింది ఆ చట్టం ఉన్న కొద్ది ఏళ్ళలోనే.

అన్నీ ఇలాంటి పెద్ద దాడులే కానక్కర లేదు. 2003 జనవరి 1న టెన్నెసీలోని కుక్‌విల్ దగ్గర, సెలవులు ముగించుకుని ఇంటికి పోతున్న ఒక కుటుంబాన్ని హైవే మీద ఆపారు. ఆ ఇంటాయన పెట్రోలు బంకులో పర్సును కారు మీద పెట్టి మరిచిపోతే, అది దారిలో పడి నోట్లు ఎగిరాయి. చూసినవాళ్ళు దోపిడీ ఏమోనని అనుమానపడ్డారు. భార్యాభర్తలకూ కొడుక్కూ బేడీలు వేసి మోకాళ్ళ మీద నిలబెట్టారు. కారు తలుపు వేయండి, లోపల కుక్కలున్నాయి, బయటికి వచ్చేస్తాయి అని వాళ్ళు పదేపదే బతిమాలడం పోలీసు వీడియోలోనే వినబడుతుంది. ఎవరూ ఆ తలుపు వేయలేదు. ప్యాటన్ అనే కుక్క బయటికి దూకింది, ఒక ఆఫీసరు షాట్‌గన్‌తో దాన్ని అక్కడే చంపాడు. ఒక చెయ్యి చాచి కారు తలుపు వేయడానికి అరనిమిషం కూడా పట్టదు. ఇక 2024 మేలో మిస్సోరి రాష్ట్రంలోని స్టర్జన్‌లో కాల్చి చంపిన టెడ్డీ అయితే కళ్ళూ కనబడని, చెవులూ వినబడని 13 పౌండ్ల చిన్న కుక్క. తప్పిపోయిన ఆ కుక్కను పట్టుకుని యజమానికి అప్పగించడానికి పిలిస్తే వచ్చిన ఆఫీసరు చేసిన పని అది.

ఇప్పుడు మీ వాట్సాప్ గ్రూపు మాట. ‘మనుషుల్ని కాల్చినా ఇంత గొడవ ఉండదు’ అన్న మాటలో నిజమైన బాధ ఒకటి ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. పోలీసు కాల్పుల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న నల్లజాతి కుటుంబాలు, కుక్క ఫొటో కింద ఒక్కరోజులో పడిన సంతకాలు తమ బిడ్డకోసం ఎందుకు పడలేదని అడిగాయి. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ మీ గ్రూపులోని వాళ్ళు దాన్ని ఆ కుటుంబాల పక్షాన అడుగుతున్నారా, లేక మీ నోరు మూయించడానికి వాడుతున్నారా అన్నది మీకే తెలుస్తుంది. నేను చెప్పగలిగినది ఇది: కుక్క మీదికి పేలిన తూటా కుక్క దగ్గరే ఆగుతుందన్న హామీ లేదు. మీకు దగ్గరలోనే, ఆర్లింగ్‌టన్‌లో, 2019 ఆగస్టు 1న గడ్డిలో పడుకుని ఉన్న ఒక స్త్రీ బాగోగులు చూడడానికి వెళ్ళిన ఆఫీసరు, తనవైపు పరుగెత్తుకొచ్చిన ఆమె కుక్కను కాల్చబోయాడు. తూటా ఆమెకు తగిలి, ఆమె చనిపోయింది. ఆమెకు ముప్ఫై ఏళ్ళు. ఆ ఆఫీసరు మీద కేసు నడిచింది, 2023లో జ్యూరీ నిర్దోషిగా వదిలిపెట్టింది. అంతకుముందు 2015 జనవరిలో అయోవాలోని బర్లింగ్‌టన్‌లో ఇలాగే కుక్కను గురిపెట్టిన తూటాకు ఒక తల్లి తన ఇంటిముందే ప్రాణం పోగొట్టుకుంది. ఆ సాయంత్రం మీ అబ్బాయి కంచె సందు దగ్గర బంతి పట్టుకుని కూర్చుని ఉంటే ఏమయ్యేదో మీరు ఇప్పటికే ఊహించుకుని ఉంటారు. రాయడానికి మీకు చేయి రాక ఉండవచ్చు. గ్రూపులో ఎవరైనా మళ్ళీ అడిగితే ఆ సంగతి చెప్పండి.

చట్టం ఏమంటుందో తెలుసుకుంటే మీ కోపానికి సరైన దారి దొరుకుతుంది. అమెరికా చట్టం దృష్టిలో కుక్క ఆస్తి, కుర్చీలాగా, సైకిలులాగా. టెక్సస్ సుప్రీం కోర్టు 2013 ఏప్రిల్‌లో, ఫోర్ట్ వర్త్ జంతు సంరక్షణాలయంలో పొరపాటున చంపేసిన ఏవరీ అనే కుక్క కేసులో, యజమానికి దానిమీద ఉన్న మమకారానికి పరిహారం అడగడం కుదరదని తేల్చి చెప్పింది. మేరీలాండ్‌లో వెర్న్ అనే కుక్కను 2014లో పోలీసు కాల్చి చంపితే 2017లో జ్యూరీ 12 లక్షల 60 వేల డాలర్లు ఇవ్వమంది. ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2021లో ఆ నష్టపరిహారం చట్టం అప్పటికి పెట్టిన 7,500 డాలర్ల పరిమితిని దాటదని చెప్పింది. కాబట్టి డబ్బు రూపంలో న్యాయం జరుగుతుందని ఆ పెద్దావిడకు ఎవరైనా ఆశపెడుతుంటే నెమ్మదిగా హెచ్చరించండి.

అయితే ఆస్తి అన్న ఆ మాటే ఇంకోవైపు రక్షణగా పనికొచ్చింది. పౌరుల ఇంటినీ వస్తువులనూ అకారణంగా స్వాధీనం చేసుకోకూడదని రాజ్యాంగపు నాలుగో సవరణ అంటుంది. కుక్కను చంపడం కూడా అలాంటి స్వాధీనమేనని పలు ఫెడరల్ అప్పీలు కోర్టులు ఒప్పుకున్నాయి. శాన్ హోసేలో 1998లో ఒక మోటారుసైకిలు ముఠా సభ్యుల ఇళ్ళ సోదాల్లో పోలీసులు కుక్కల్ని కాల్చారు. అక్కడ కుక్కలున్నాయని వారం ముందే తెలిసి కూడా వాటిని చంపకుండా పక్కకు తప్పించడానికి సరైన ఆలోచనేదీ చేయలేదన్న కారణం మీద, 2005లో తొమ్మిదో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు పోలీసులకు దావా నుంచి చట్టపరమైన రక్షణ ఇవ్వడానికి నిరాకరించింది. అనుమానితుల ఇంటి కుక్కకే ఆ హక్కు ఉన్నప్పుడు, పొరపాటున అడుగుపెట్టిన ఇంట్లోని కూపర్ సంగతి వేరే చెప్పాలా? దీనికి అవతలి పక్కన 2016లో ఆరో సర్క్యూట్ తీర్పు ఉంది. మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్‌లో ఒక మాదకద్రవ్యాల సోదాలో రెండు పిట్‌బుల్స్‌ను చంపిన పోలీసుల పక్షాన అది నిలిచింది. కుక్క కదిలినా మొరిగినా కాల్చవచ్చట అని అప్పట్లో జనం మండిపడ్డారు. కుక్కను అకారణంగా చంపకూడదన్న హక్కు ఉందనే ఆ తీర్పు కూడా అంది, ప్రమాదం ఉందని ఆఫీసరు అనుకోవడం ఆ సందర్భంలో సబబేనంది. అంటే కోర్టుల్లో అంతా ఆ క్షణంలో ఆఫీసరుకు ఏమనిపించిందన్న దాని మీదే తేలుతుంది. ఆ క్షణానికి ముందు ఏం నేర్పారు, ఏ నియమం రాసి ఇచ్చారు అన్నవి మీ సిటీ కౌన్సిల్ చేతిలో ఉన్న విషయాలు. అందుకే కోర్టు మెట్ల కంటే కౌన్సిల్ మైకు దగ్గర మీ మాటకు ఎక్కువ పని ఉందంటున్నాను.

అక్కడ అడగవలసింది శూన్యంలోంచి పుట్టించనక్కర లేదు. కొలరాడో 2013లో చేసిన కుక్కల రక్షణ చట్టం ప్రకారం పోలీసులకు కుక్కల ప్రవర్తన మీద శిక్షణ ఇవ్వాలి. వీలున్నప్పుడు యజమాని తన కుక్కను పట్టుకోవడానికో లోపలికి తీసుకెళ్ళడానికో అవకాశం ఇవ్వాలి. మా గ్యాస్ అబ్బాయి వేసిన కేకనే వాళ్ళు చట్టంలో రాసుకున్నారన్నమాట. మీ టెక్సస్ కూడా ఊరుకోలేదు. 2012లో ఆస్టిన్‌లో, కూపర్ విషయంలో జరిగినట్టే, తప్పు చిరునామాకు వెళ్ళిన ఆఫీసరు సిస్కో అనే కుక్కను కాల్చినప్పుడు పెద్ద ఉద్యమం లేచింది. 2015లో రాష్ట్ర శాసనసభ కుక్కలు ఎదురైనప్పుడు ఎలా నడుచుకోవాలో పోలీసులకు కనీసం 4 గంటల శిక్షణ ఉండాలని చట్టం చేసింది. కుక్క ఒంటి కదలికల్ని అర్థం చేసుకోవడం, ఘర్షణ రాకుండా చూడడం, ప్రాణం తీయని సాధనాలు వాడడం అన్నీ అందులో ఉండాలి. కాబట్టి మీరు కౌన్సిల్‌ను సూటిగా అడగండి: ఆ ఆఫీసరు ఆ 4 గంటల శిక్షణ ఎప్పుడు పొందాడు? ఆ తరవాత మళ్ళీ ఎప్పుడైనా పొందాడా? పెరటి గేటు తీసే ముందు చప్పుడు చేయాలని, ఇంటి నంబరు సరిచూసుకోవాలని మన పోలీసు నియమావళిలో రాసి ఉందా? లేకపోతే ఎప్పుడు రాస్తారు?

ఆ నియమావళిని సమావేశానికి ముందే తెప్పించుకుని చదవండి. టెక్సస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద ఎవరైనా అడగవచ్చు, ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర లేదు. ఇవ్వబోమని అనదలుచుకుంటే వాళ్ళు సాధారణంగా 10 పని దినాల్లోగా రాష్ట్ర అటార్నీ జనరల్‌ను సంప్రదించాలి. బాడీ కెమెరా వీడియోకు దరఖాస్తు వేరు. అందులో తేదీ, సుమారు సమయం, స్థలం, సంఘటనలో ఉన్న ఒకరి పేరు తప్పక రాయాలి. ఇంటి ఆవరణలో తీసిన వీడియో కాబట్టి ఆ పెద్దావిడే అడగడం మేలు, లేదా ఆవిడ రాతపూర్వక అనుమతి జతచేయాలి. ఆఫీసరు మీద ఫిర్యాదు కూడా రాసి, సంతకం పెట్టి ఇస్తేనే ఈ రాష్ట్రంలో లెక్కలోకి వస్తుంది. ఊరంతా ఎంత అరిచినా ఆ కాగితం లేకపోతే విచారణకు ఆధారం దొరకదు. ఆవిడ ఇప్పటికే ఇచ్చారో లేదో వెంటనే కనుక్కోండి. దావా వేయాలన్న ఆలోచన ఉంటే టెక్సస్‌లో ఫెడరల్ పౌరహక్కుల దావాకు గడువు రెండేళ్ళు. నగరానికి ఇవ్వవలసిన నోటీసుల గడువు అంతకంటే చాలా తక్కువ కాబట్టి లాయరును ఈ వారంలోనే కలవమనండి.

మీ వారి భయాన్ని నేను తేలిగ్గా తీసేయను. ఈమధ్య విద్యార్థి వీసాల మీద ఉన్నవాళ్ళు కొందరు తమ మాటలవల్ల చిక్కుల్లో పడడం అందరం చూశాం. వాక్స్వాతంత్ర్యం ఇక్కడ నివసించే విదేశీయులకూ వర్తిస్తుందని అమెరికా సుప్రీం కోర్టు 1945లోనే చెప్పింది. అజెండాలో ఉన్న అంశం మీద కౌన్సిల్‌లో మాట్లాడడానికి ప్రజలకు అవకాశం ఇవ్వాలని టెక్సస్ చట్టం 2019 నుంచి చెబుతోంది. కూపర్ విషయం అజెండాలో ఉందో లేదో ముందే చూసుకోండి. చట్టం మీ పక్షాన ఉన్నా భయం ఇంట్లో ఉన్నప్పుడు, ఇద్దరూ కలిసి ఒక ఇమిగ్రేషన్ లాయరుతో అరగంట మాట్లాడి, ఆ తరవాత నిర్ణయించుకోవడమే సంసారపక్షమైన దారి. ఆయనకు అప్పటికీ మనసొప్పకపోతే, ఆ సాయంత్రం మీరు విన్నదాన్ని, ఎన్ని గంటలకు విన్నారో దానితో సహా, రాసి ఆ పెద్దావిడ చేతికి ఇవ్వండి, ఆవిడ చదువుతారు. పక్కింటివాళ్ళుగా విన్న సంగతి చెప్పడం రాజకీయం కాదని మీ వారికి చెప్పి చూడండి. రేపు మీ అత్తగారు కూడా మాట్లాడాలనుకుంటే, అనువాదకుల ద్వారా మాట్లాడేవారికి మామూలుగా ఇచ్చే సమయానికి కనీసం రెండింతలు ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది.

ఆ ఆఫీసరు ఇంటి చిరునామా పెట్టినవాళ్ళతో మాత్రం ఒక్క అడుగు కూడా కలిసి నడవకండి. ఆ ఇంట్లోనూ పిల్లలుండవచ్చు, కుక్క ఉండవచ్చు. ఒక మనిషిని భయపెట్టడం మొదలైన రోజున కౌన్సిల్ మాట్లాడేది ఆ బెదిరింపు గురించే; శిక్షణ, నియమం, గేటు, ఇవన్నీ పక్కకు పోతాయి. ఆ పోస్టు మీ కంటబడితే తీసేయమని రిపోర్టు చేయండి. సంతకాలు సేకరిస్తున్నవాళ్ళు మీకు తెలిసినవాళ్ళే అయితే, ఆ మాటలను తాము సమర్థించడం లేదని బహిరంగంగా చెప్పమనండి.

మీ ఇంటి సంగతికి వస్తాను. తలుపు ఎవరు కొట్టినా ముందు లాబ్రడార్‌ను ఒక గదిలో పెట్టి తలుపు వేసి, ఆ తరవాతే వీధి తలుపు తీయడం ఇంట్లో అందరికీ అలవాటు చేయండి. మీరే 911కు ఫోను చేయవలసి వస్తే ఇంట్లో కుక్క ఉందని ఆ ఫోనులోనే చెప్పండి. కారులో వెళ్ళేటప్పుడు కుక్కను వెనక సీటులో బెల్టుకు కట్టి ఉంచండి, పోలీసులు ఆపితే దాని సంగతి ముందు చెప్పండి. గేటుకూ ముందు తలుపుకూ కుక్క ఉందని బోర్డు పెట్టండి. ఇంట్లో దొంగల అలారం ఉంటే దాని విషయంలో మరీ జాగ్రత్త కావాలి. 2017 జూలైలో మినియాపొలిస్‌లో ఒక ఇంట్లో అలారం పొరపాటున మోగితే వచ్చిన ఆఫీసరు పెరట్లో రెండు కుక్కల్ని కాల్చాడు. ఆ ఇంటి కెమెరాలో అంతా రికార్డయింది. అవి బతికాయి, ఆ అదృష్టం అందరికీ ఉండదు. మీ అత్తమామలు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు కాబట్టి, అలారం ఎలా ఆపాలో వచ్చిన రోజే చూపించండి. ‘డాగ్ ఇన్‌సైడ్, ప్లీజ్ వెయిట్’ అన్న నాలుగు మాటలు మీ అత్తగారికి నేర్పండి. గట్టిగా, తలుపు తీయకముందే అనమనండి. మీ అబ్బాయే నేర్పితే ఇంకా మంచిది. కూపర్ కోసం తను చేయగల పని ఒకటి ఉందని వాడికి అనిపిస్తుంది.

వాడి ప్రశ్నకు అబద్ధం చెప్పకండి. పరుగెత్తకుండా ఉంటే బతికేదేమో, కానీ పరుగెత్తడం దాని తప్పు కాదు, అది కుక్కలు చేసే పని. ఆగి చూడవలసింది పెద్దవాళ్ళు, వాళ్ళు ఆగలేదు, ఆ మాట చెప్పడానికే అమ్మ మీటింగుకు వెళుతోంది అని చెప్పండి. పోలీసులంతా చెడ్డవాళ్ళని మాత్రం వాడి మనసులో పడనీయకండి. ఆపద వస్తే ఆ పిల్లవాడు పిలవవలసింది వాళ్ళనే. అడిగినన్నిసార్లు అదే జవాబు విసుక్కోకుండా చెప్పండి. పిల్లలు జవాబు తెలియక మళ్ళీ మళ్ళీ అడగరు, అది మారలేదని తేల్చుకోవడానికి అడుగుతారు.

ఆ పెద్దావిడ దగ్గరికి వాణ్ణి తీసుకెళ్ళండి. ఇంకో కుక్కను తెచ్చుకోండి అన్న మాట ఎవరి నోటా రాకుండా చూడండి. చేతిలో ఏదైనా తినేది పట్టుకెళ్ళి, కూపర్ పేరు పలికి, బంతి ఆట సంగతి వాడి చేతే చెప్పించండి. ఆవిడ కిటికీలోంచి ఆ ఆట చూసి ఉంటారేమో, చూడకపోయి ఉంటే తన కుక్క గురించి తనకు తెలియని సంగతి ఒకటి ఆవిడకు దొరుకుతుంది. కంచెలో ఆ విరిగిన పలకను బాగుచేయిద్దామని మీ వారు అనవచ్చు. కొన్నాళ్ళు అలాగే ఉండనివ్వమనండి. దాన్ని ఎప్పుడు బిగించాలో మీ అబ్బాయీ ఆవిడా కలిసి చెబుతారు.